ఏ మజ్‌హబ్ ప్రకారం?

ఒక ముస్లిం చనిపోయాడు. భార్య అంతకుముందే పోయింది, తల్లిదండ్రులూ లేరు. ఉన్నది ఒక్క కూతురు, ఒక సొంత తమ్ముడు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా 24 లక్షలు మిగిలాయి. కూతురికి ఎంత?

ఆ కుటుంబం సున్నీ అయితే 12 లక్షలు. మిగతా 12 తమ్ముడికి వెళ్తాయి. షియా అయితే 24 లక్షలూ కూతురికే, తమ్ముడికి రూపాయి కూడా రాదు. ఇద్దరి ఖురానూ ఒకటే. ఇద్దరూ చూపించే వాక్యం కూడా ఒకటే: నాలుగో సూరా (అధ్యాయం)లో 11వది. కూతురు ఒక్కతే ఉంటే ఆమెకు సగం అని అందులో ఉంది.

టీవీ చర్చల్లోనూ వాట్సాప్ వాదనల్లోనూ "ఇస్లాం ఏం చెబుతుంది?" అనే ప్రశ్న రోజూ వింటుంటాం. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లు, వాళ్లు ఇస్లాంని పొగిడేవాళ్లైనా తిట్టేవాళ్లైనా, నా దృష్టిలో సగమే చెబుతున్నారు. ఏ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) ప్రకారం, ఏ ఆధారం మీద, ఏ పద్ధతిలో అని అడగాలి. ఈ తేడాలు మతానికి పట్టిన తెగులు అని చాలామంది ముస్లింలే బాధపడతారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇస్లామిక్ ధర్మశాస్త్రం మారిన ప్రతి ముఖ్య సందర్భంలోనూ దానికి దారి చూపింది ఈ తేడాలే.

ముందు ఆ 24 లక్షల సంగతి తేల్చుకుందాం. కూతురికి సగం అని ఖురాన్ చెప్పింది. మిగతా సగం ఎవరికో ఆ వాక్యంలో లేదు. ఆ ఖాళీని పూరించడానికి సున్నీ పండితులు ఒక హదీసును (ప్రవక్త చెప్పినట్టు అందిన మాటను) ఆధారం చేసుకున్నారు: నిర్ణయించిన వాటాలు వాటి హక్కుదారులకు ఇచ్చేయండి, మిగిలింది అందరికంటే దగ్గరి మగ బంధువుకు ఇవ్వండి అని దాని సారం. అరబ్ తెగల్లో ఆస్తి తండ్రివైపు మగవాళ్లకే పోయేది. ఖురాన్ ఆడవాళ్లకు కొత్తగా వాటాలు పెట్టింది. సున్నీ శాస్త్రం పాత తెగ పద్ధతిని పూర్తిగా తీసేయకుండా దాని మీద ఈ కొత్త వాటాలను నిలబెట్టింది. ఇలా మిగిలింది తీసుకునే తండ్రివైపు బంధువుల్ని అసబా అంటారు.

షియాల ప్రధాన మజ్‌హబ్ జాఫరీ. దాని పండితులు ఆ హదీసును ఒప్పుకోరు. వాళ్లు వారసుల్ని మూడు తరగతులుగా పెట్టారు. మొదటి తరగతి తల్లిదండ్రులు, పిల్లలు. రెండోది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతలు, అవ్వలు. మూడోది మేనమామలు, మేనత్తలు, పినతండ్రులు, పినతల్లులు. మొదటి తరగతిలో ఒక్కరున్నా రెండో తరగతికి ఏమీ అందదు. కాబట్టి కూతురు సగం వాటాగా తీసుకుంటుంది, మిగతా సగం "రద్ద్" పేరుతో మళ్లీ ఆమె దగ్గరికే వస్తుంది.

దీని వెనుక రాజకీయం ఉందని చూడకపోతే బొమ్మ సగమే కనిపిస్తుంది. ప్రవక్తకు బతికున్న కొడుకు లేడు. కూతురు ఫాతిమా ఉంది, పినతండ్రి అబ్బాస్ ఉన్నాడు. షియాలు ఇమాములుగా, అంటే ప్రవక్త తర్వాతి నాయకులుగా నమ్మేవాళ్లలో మొదటివాడు ఫాతిమా భర్త అలీ, మిగతావాళ్లు ఆమె సంతానం. 750లో అధికారానికి వచ్చిన అబ్బాసీలు ఆ పినతండ్రి వంశం. కూతురు ఉండగా పినతండ్రికి వారసత్వం ఉంటుందా లేదా అన్నది ఒక ఇంటి ఆస్తి లెక్కే కాదు, ఖలీఫా పీఠం లెక్క కూడా.

ఇంకో లెక్క చూడండి, ఇది ఇంకా కష్టమైనది. ఒకతను భార్యను, ఇద్దరు కూతుళ్లను, తల్లిని, తండ్రిని వదిలి చనిపోయాడు. భార్యకు ఎనిమిదో వంతు, కూతుళ్లిద్దరికీ కలిపి మూడింట రెండు, తల్లికి ఆరో వంతు, తండ్రికి ఆరో వంతు. ఆస్తిని 24 భాగాలు చేస్తే 3, 16, 4, 4. కూడితే 27! ఉన్నది 24. ఎవరి వాటా కోయాలి?

సున్నీలు ఎవరినీ విడిగా కోయరు. 24 బదులు 27 భాగాలు చేసి, అందరికీ అదే నిష్పత్తిలో పంచుతారు. భార్య ఎనిమిదో వంతు తొమ్మిదో వంతవుతుంది. దీన్ని ఔల్ అంటారు, ఖలీఫా ఉమర్ కాలంలో మొదలైందని చెబుతారు. షియాలు ఔల్‌ను తిరస్కరించారు. ఖురాన్‌లో ఎనిమిదో వంతు అని ఉంటే తొమ్మిదో వంతు ఎలా ఇస్తారని వాళ్ల ప్రశ్న. భార్యకు 3, తల్లిదండ్రులకు 8 ఇచ్చేసి, మిగిలిన 13 భాగాలు కూతుళ్లకు ఇస్తారు. అంటే ఈ లెక్కలో షియా కూతుళ్లు నష్టపోతారు. ఆశ్చర్యమేమిటంటే, ఈ లెక్కను మింబర్ (మసీదులో ప్రసంగ వేదిక) మీద నిలబడి అప్పటికప్పుడు తేల్చి "ఆమె ఎనిమిదో వంతు తొమ్మిదో వంతైంది" అన్నది అలీ అని సున్నీ గ్రంథాలే చెబుతాయి. షియాల మొదటి ఇమాం ఆయనే. షియాలు ఆ కథనాన్ని నమ్మరు.

షియా చట్టం ఆడవాళ్ల పక్షం, సున్నీ చట్టం మగవాళ్ల పక్షం అని దీన్నుంచి తీర్మానం చేసుకోకండి. పిల్లలు లేని షియా వితంతువుకు భర్త భూమిలో వాటా లేదు, కట్టడాలు, చెట్ల విలువలో మాత్రం నాలుగో వంతు వస్తుంది. సున్నీ వితంతువుకు భూమిలోనూ వాటా ఉంది. ప్రతి మజ్‌హబ్ ఒకచోట ఇస్తుంది, ఒకచోట పట్టుకుంటుంది. అది దాని పద్ధతి వల్ల వచ్చిన ఫలితం. దయ, కాఠిన్యం అనే కొలతలు ఇక్కడ పనిచేయవు.

ఈ తేడాలు పుస్తకాల్లోనే ఉండిపోలేదు. లెబనాన్‌లో కూతుళ్లు మాత్రమే ఉన్న కొందరు సున్నీ తండ్రులు కాగితాల మీద షియాలుగా మారిన సంగతి అక్కడ అందరికీ తెలిసినదే. మన దేశంలో 2023 మార్చి 8న కేరళలో ముగ్గురు కూతుళ్ల తండ్రైన ఒక ముస్లిం న్యాయవాది, తన భార్యనే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద మళ్లీ పెళ్లి చేసుకున్నారు. అలా నమోదైతే 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. కూతుళ్లకు మూడింట రెండు పోగా మిగిలింది తండ్రివైపు బంధువులకు పోకుండా, మొత్తం ఆస్తి భార్యకూ కూతుళ్లకే చేరుతుంది. వీలునామా రాస్తే సరిపోదా అంటే, సరిపోదు. వసీయత్ (వీలునామా) ఆస్తిలో మూడో వంతు దాటకూడదు. సున్నీల్లో ఆ మూడో వంతు కూడా వారసుల్లో ఒకరికి రాస్తే మిగతావాళ్లు ఒప్పుకోవాలి. షియాల్లో మూడో వంతు లోపల వారసులకైనా రాయొచ్చు. బతికుండగానే హిబా (దానం) ఇస్తే పరిమితి లేదు కానీ, ఇస్తున్నానని చెప్పాలి, తీసుకునేవాళ్లు ఒప్పుకోవాలి, స్వాధీనం అప్పగించాలి. ఈ మూడోదాని దగ్గరే చాలా హిబాలు కోర్టులో కూలిపోతాయి. ఇంటి తాళాలు, అద్దె, పన్ను రసీదులు అన్నీ ఇచ్చినవాడి పేరునే నడుస్తుంటే అది హిబా అనిపించుకోదు.

ఇప్పుడు ఇతర మతాల మాట. సున్నీ, షియాలను కాథలిక్, ప్రొటెస్టంట్లతో పోల్చడం అలవాటైపోయింది. ఆ పోలిక ఎక్కడా అతకదు. ప్రొటెస్టంట్లు విడిపోయింది ఒక చర్చి నుంచి, ఒక పోప్ అధికారం నుంచి. 632లో ప్రవక్త చనిపోయినప్పుడు అలాంటి చర్చే లేదు. ఆ తర్వాత కూడా సున్నీల్లో పుట్టలేదు. హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ అనే నాలుగు సున్నీ మజ్‌హబులూ చర్చి శాఖల్లాంటివి కావు. ధర్మశాస్త్ర సంప్రదాయాలు అవి. వాటికి దగ్గరి పోలిక మన దగ్గరే ఉంది.

యాజ్ఞవల్క్య స్మృతి ఒకటే. కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు దానికి మితాక్షర రాశాడు. బెంగాల్లో జీమూతవాహనుడు దాయభాగం రాశాడు. మితాక్షరలో కొడుక్కి పుట్టుకతోనే తాతల ఆస్తిలో హక్కు. దాయభాగంలో తండ్రి బతికున్నంత కాలం కొడుక్కి ఏ హక్కూ లేదు. దాయభాగంలో కొడుకులు లేని వితంతువుకు ఉమ్మడి కుటుంబంలోనూ భర్త వాటా వస్తుంది, మితాక్షరలో అది భర్త అన్నదమ్ములకు పోయేది. మితాక్షరను 13వ శతాబ్దంలోనే కేతన తెలుగు చేశాడు. అంటే ఆంధ్రదేశంలో ఒక వితంతువుకు దక్కనిది బెంగాల్లో దక్కింది, రెండుచోట్లా శాస్త్రం పేరు మీదే. దీన్ని చూసి "హిందూమతం చీలిపోయింది" అని ఎవరూ అనలేదు. హనఫీ, షాఫయీ తేడాలను కూడా ఇదే కంటితో చూడాలి.

యూదులది ఇంకా దగ్గరి పోలిక. హిల్లెల్, షమ్మాయి అనే రెండు పాఠశాలల వాదాల్లో ఓడిపోయిన పక్షం అభిప్రాయాన్ని కూడా వాళ్లు తమ ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో భద్రంగా రాసి ఉంచారు. హనఫీలూ అంతే. 767లో చనిపోయిన అబూ హనీఫాతో ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ ఎన్నో విషయాల్లో విభేదించారు. వక్ఫ్ చేసిన, అంటే దేవుడి పేరున అంకితం చేసిన ఆస్తిని వెనక్కి తీసుకోవచ్చని గురువు అన్నాడు, కుదరదని శిష్యులు అన్నారు. ఈరోజు హనఫీ వక్ఫ్ చట్టం నడిచేది శిష్యుల మాట మీద. మూల పురుషుడి మాటనే పక్కన పెట్టగల సంప్రదాయాన్ని "బిగుసుకుపోయింది" అనడం అన్యాయం.

నా వాదనకు అన్నిటికంటే బలమైన ఆధారం 1939 చట్టం. మన దేశంలో ముస్లింలు ఎక్కువమంది హనఫీలు. పాత హనఫీ శాస్త్రంలో భర్త కనిపించకుండా పోతే భార్య ఎన్నాళ్లు ఆగాలి? అతని వయసువాళ్లంతా చనిపోయేదాకా. తర్వాతి పండితులు దాన్ని అతను పుట్టినప్పటి నుంచి 90 ఏళ్లుగా లెక్క కట్టారు. పాతికేళ్ల భర్త మాయమైతే ఆమె 65 ఏళ్లు ఎదురుచూడాలి. భర్త పోషించకపోయినా, కొట్టినా, ఆమె ఖాజీ దగ్గరికి వెళ్లి విడాకులు తెచ్చుకునే దారి దాదాపు లేదు. ఒక్క దారి మాత్రం తెరిచి ఉంది: భార్య మతం వదిలేస్తే నికాహ్ రద్దవుతుంది. 20వ శతాబ్దం మొదట్లో పంజాబ్‌లో ఎందరో స్త్రీలు ఆ దారి పట్టారు. భర్తను వదిలించుకోవడానికి క్రైస్తవంలోకి వెళ్లినట్టు కోర్టులో చెప్పేవారు.

దేవ్‌బంద్ సంప్రదాయానికి చెందిన పెద్ద పండితుడు అష్రఫ్ అలీ థాన్వీ 1930ల మొదట్లో దీనికి పరిష్కారం వెదికారు. ఆయన ఏ కోణంలోనూ ఆధునికుడు కాదు. మదీనాలోని మాలికీ ముఫ్తీలకు రాసి ఫత్వాలు తెప్పించుకున్నారు. మాలికీలో ఆచూకీ లేని భర్త కోసం నాలుగేళ్లు ఆగితే చాలు, ఆపైన వితంతువులా నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ (మళ్లీ పెళ్లికి ముందు ఆగాల్సిన గడువు). అవసరం తీవ్రంగా ఉన్నప్పుడు హనఫీ ఖాజీ మాలికీ తీర్పు ఇవ్వొచ్చని హనఫీ శాస్త్రమే అనుమతిస్తుంది, ఆయన దాన్నే పట్టుకున్నారు. దానిమీద ముస్లిం వివాహాల రద్దు చట్టం 1939లో వచ్చింది. నాలుగేళ్లు ఆచూకీ లేకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా, ఏడేళ్లో అంతకంటే ఎక్కువో జైలు శిక్ష పడినా, క్రూరంగా చూసినా భార్య కోర్టుకు వెళ్లి విడాకులు అడగొచ్చు. మతం మారినంత మాత్రాన పెళ్లి రద్దు కాదని కూడా రాశారు. హనఫీలో లేని ఉపశమనాన్ని మాలికీ, షాఫయీ, హంబలీల నుంచి తెచ్చుకోవచ్చని ఆ బిల్లు ఉద్దేశాల ప్రకటనలోనే ఉంది. ఈ తీర్పులు ముస్లిం న్యాయమూర్తే ఇవ్వాలని ఉలమా (మత పండితులు) కోరిన షరతు మాత్రం చట్టంలో నిలవలేదు, దానిపై వాళ్ల అసంతృప్తి మిగిలింది. నాలుగు మజ్‌హబులు లేకుండా ఒకటే ఉండి ఉంటే ఆ స్త్రీలకు దారే లేదు.

ట్రిపుల్ తలాక్ కథా ఇదే. ఒక్క ఊపులో మూడుసార్లు తలాక్ అంటే మూడూ పడినట్టేనని నాలుగు సున్నీ మజ్‌హబుల ప్రధాన అభిప్రాయం. జాఫరీ షియాల్లో ఇద్దరు సాక్షులు లేకుండా తలాకే చెల్లదు. ఏ మజ్‌హబునూ పట్టుకోకుండా నేరుగా ఖురాన్, హదీసులకు వెళ్లే సున్నీ వర్గం అహ్లె హదీసులు. వాళ్లకు మూడు కలిపి అన్నా ఒక్కటే లెక్క, ఇద్దత్ లోపల భర్త వెనక్కి తీసుకోవచ్చు. 14వ శతాబ్దంలో ఇబ్న్ తైమియా అనే పండితుడు వాదించింది ఇదే. ఈజిప్టు 1929లోనే ఈ అభిప్రాయాన్ని చట్టం చేసింది. మన దగ్గర కోపంలో తలాక్ అనేసి తర్వాత నెత్తి కొట్టుకున్న హనఫీ భర్తలు అహ్లె హదీస్ ముఫ్తీ దగ్గరికి వెళ్లి "ఒక్కటే పడింది" అని ఫత్వా తెచ్చుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు 3:2 మెజారిటీతో ట్రిపుల్ తలాక్‌ను కొట్టేసింది. 2019లో మూడేళ్ల దాకా జైలుతో చట్టం వచ్చింది. తలాక్ పడనే పడలేదన్నాక ఏ నేరానికి జైలు అనే ప్రశ్న నాకు ఇప్పటికీ ఉంది. అది వేరే చర్చ.

దీనికి పండితులు చెప్పే అభ్యంతరం బలమైనదే. ఎక్కడ సులువుగా ఉంటే అక్కడి తీర్పు ఏరుకుంటూ పోతే ధర్మం మిగలదు అంటారు. వాళ్లిచ్చే ఉదాహరణ చూడండి. వయసొచ్చిన స్త్రీ వలీ (సంరక్షకుడు) లేకుండా పెళ్లి చేసుకోవచ్చని హనఫీ. ఒప్పందం దగ్గర సాక్షులు తప్పనిసరి కాదు, పెళ్లి బహిరంగమైతే చాలని మాలికీ. మెహర్ (వరుడు వధువుకు ఇవ్వాల్సిన సొమ్ము) ప్రస్తావన లేకపోయినా ఒప్పందం చెల్లుతుందని షాఫయీ. మూడూ కలిపి వలీ లేకుండా, సాక్షులు లేకుండా, మెహర్ మాట లేకుండా పెళ్లి చేస్తే దాన్ని ఈ మూడింటిలో ఏదీ ఒప్పుకోదు. ఈ అతుకుల పనిని తల్ఫీక్ అంటారు. అందుకే ఇంకో మజ్‌హబ్ నుంచి అరువు తెచ్చుకునేటప్పుడు ఒక తీర్పును దాని షరతులన్నిటితో కలిపి తేవాలి. థాన్వీ చేసింది అదే, నాలుగేళ్లతో పాటు ఇద్దత్‌నూ తెచ్చారు.

నమాజు తేడాల మీద ఎక్కువ చెప్పను. ఫోన్లో నమాజు వేళల యాప్ తెరిస్తే అసర్ (సాయంత్రానికి ముందు నమాజు)కు "హనఫీ" అని విడిగా ఒక సెట్టింగ్ ఉంటుంది. వస్తువు నీడ దాని ఎత్తుకు రెండింతలైనప్పుడు హనఫీ అసర్, ఒక్కింతైనప్పుడు మిగతావాళ్లది. హైదరాబాద్‌లో హనఫీలు ఎక్కువ. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల బార్కస్‌లో షాఫయీ సంప్రదాయం ఉంది. ఒకే నగరంలో రెండు వేళలు, ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇబ్బంది వచ్చిన చోటా ఉంది. నమాజులో ఫాతిహా (ఖురాన్ మొదటి సూరా) చివర ఆమీన్ గట్టిగా అనాలా, మనసులో అనుకోవాలా అని కాశీ మసీదులో మొదలైన గొడవ 1885లో అలహాబాద్ హైకోర్టు చేరింది. జస్టిస్ సయ్యద్ మహమూద్ అరబీ గ్రంథాలు ముందేసుకుని, ఆమీన్ గట్టిగా అనడం తప్పు కాదనీ మసీదు ముస్లింలందరిదీ అనీ రాశారు. దాదాపు అదే కాలంలో కంచి వరదరాజస్వామి గుడిలో "శ్రీశైలేశ దయాపాత్రం" ముందా, "రామానుజ దయాపాత్రం" ముందా అని తెంగలై, వడగలై వైష్ణవులు మద్రాసు హైకోర్టు చుట్టూ తిరుగుతున్నారు. రెండు గొడవలూ నమ్మకం గురించి కన్నా గుడి, మసీదు ఎవరి చేతిలో ఉండాలన్న దాని గురించే. మక్కాలోనే కాబా చుట్టూ నాలుగు మజ్‌హబులకు నాలుగు స్థానాలు, నలుగురు ఇమాములు ఉండేవారు. 1920లలో సౌదీ పాలన వచ్చాక ఒకే ఇమాం వెనుక నమాజు మొదలైంది. మజ్‌హబుల మధ్య అంతా సామరస్యమేనని నేను అనడం లేదు. 12వ శతాబ్దంలో ఇరాన్‌లోని నీషాపూర్ నగరం పాడుబడటానికి హనఫీ, షాఫయీ ముఠాల కొట్లాటలు కూడా ఒక కారణం.

"ఇస్లాంకు ఒక లూథర్ కావాలి" అనే మాటతో నాకు గట్టి పేచీ ఉంది. ప్రొటెస్టంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ చేసిన పని ఏమిటి? మధ్యలో పేరుకున్న సంప్రదాయాన్ని పక్కకు నెట్టి, నేరుగా గ్రంథానికి వెళ్దాం అన్నాడు. 18వ శతాబ్దంలో అరేబియాలో ఇబ్న్ అబ్దుల్ వహాబ్ అన్నదీ ఇదే. సమాధుల మీద గుమ్మటాలు వద్దు, మధ్యవర్తులు వద్దు, మజ్‌హబును గుడ్డిగా పట్టుకోవద్దు. 1920లలో మదీనాలో జన్నతుల్ బఖీ ఖబరస్తాన్‌లోని సమాధుల కట్టడాలు నేలమట్టమయ్యాయి. గ్రంథానికి నేరుగా వెళ్లడం ఒక్కో విషయంలో ఒక్కో ఫలితం ఇస్తుంది. తలాక్ విషయంలో అహ్లె హదీసులు స్త్రీకి మేలు చేశారు. దర్గాల విషయంలో అదే చూపు కత్తిలా పనిచేసింది.

మన ఊళ్లలో పీర్ల పండుగ చూడండి. 680లో కర్బలాలో చనిపోయిన ప్రవక్త మనవడు హుసేన్ పేరున పీర్లు నిలబెట్టేది చాలా పల్లెల్లో సున్నీ దూదేకుల కుటుంబాలే, గుండం చుట్టూ అలాయి ఆడేవాళ్లలో ఎక్కువమంది హిందువులు, మొక్కు తీరాక మలీద పంచేది అందరూ. ఏ వర్గం పట్టికలోనూ ఇది ఇమడదు. గ్రంథంలో లేదు కాబట్టి ఆపేయండి అని చెప్పేవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. దీన్ని ఆపితే ఇస్లాం శుద్ధి అవుతుందో లేదో గానీ, తెలుగు నేల మాత్రం ఒక గొప్ప ఆచారాన్ని పోగొట్టుకుంటుంది.

తేడాను పద్ధతితో కాకుండా గిరి గీసి తేల్చాలనుకుంటే ఏమవుతుందో పాకిస్తాన్ చూపించింది. 1953లో, మీర్జా గులాం అహ్మద్ అనుచరులైన అహ్మదీలకు వ్యతిరేకంగా పంజాబ్‌లో అల్లర్లు జరిగాయి. విచారణ సంఘం ఉలమాను పిలిచి ముస్లిం అంటే ఎవరో నిర్వచించమని అడిగింది. ఏ ఇద్దరి నిర్వచనమూ కలవలేదని 1954లో జస్టిస్ మునీర్ నివేదిక రాసింది. ఒకరి నిర్వచనం తీసుకుంటే మిగతావాళ్లందరి దృష్టిలో అవిశ్వాసులమవుతామని కూడా రాసింది. అయినా 1974లో రాజ్యాంగాన్ని సవరించి అహ్మదీలను ముస్లిమేతరులన్నారు. 1984లో వాళ్లు తమ ప్రార్థనా స్థలాన్ని మసీదు అనడం కూడా నేరమైంది. మన సుప్రీంకోర్టు 1966లో ఇంకోవైపు నడిచింది. తాము హిందువులం కామని స్వామినారాయణ సత్సంగీలు వాదించినప్పుడు, హిందూ అనే మాటను వీలైనంత విశాలంగా నిర్వచించి వాళ్లను లోపలే ఉంచింది. సత్సంగీలకు ఆ తీర్పు నచ్చలేదు, ఆలయ ప్రవేశం కోరిన దళితులకు మాత్రం తలుపు తెరుచుకుంది.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు 2012లో అహ్మదీలు ముస్లింలు కారని తీర్మానం చేసింది, హైకోర్టు దాన్ని నిలిపివేసింది. 2023లో బోర్డు మళ్లీ అదే మాట అంది. ఆ ఏడాది జూలైలో, అలా తేల్చే అధికారం బోర్డుకు లేదని కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ రాష్ట్రానికి లేఖ రాసింది. ప్రవక్తత్వం ముహమ్మద్‌తో ముగిసిందనేది ముస్లింలకు మూల విశ్వాసం. అహ్మదీలు ప్రవక్తగా నమ్మే మీర్జా గులాం అహ్మద్ విషయంలో ఉలమా అభ్యంతరం చిన్నదేమీ కాదు, ఆ వాదన మదరసాల్లో, పుస్తకాల్లో, మింబర్ల మీద ఎంతైనా చేసుకోవచ్చు. చట్టం వక్ఫ్ బోర్డుకు అప్పగించిన పని వేరు: వక్ఫ్ ఆస్తుల నమోదు, అద్దెల వసూలు, కబ్జాల ఖాళీ, ముతవల్లీల (వక్ఫ్ నిర్వాహకుల) లెక్కల తనిఖీ. ఆ బోర్డు విశ్వాసం మీద తీర్పు చెప్పడం మొదలుపెడితే దాని బరువు పడేది ఖబరస్తాన్‌లో చోటు మీద, నికాహ్ నమోదు మీద, ఒక చిన్న మసీదు తాళం మీద. ఈరోజు అహ్మదీల మీద వాడిన ఆ అధికారం రేపు పీర్లు నిలబెట్టే ఆషూర్‌ఖానా మీద, దర్గా మీద వాడకుండా ఆపే నియమం ఆ తీర్మానంలో ఏదీ లేదు.